పాలొర్రె సర్వే

నెల్లికుదురులో బస్సు దిగేసరికి ఐలేశ్ మోటర్‌సైకిల్ మీద కూర్చుని దీప కోసం ఎదురు చూస్తున్నాడు. మెడలో తెలంగాణ జేఏసీ కండువా, జేబులో రెండు ఫోన్లు, ఎండకు మాడిన మొహం. ఆమె చేతిలోని పెట్టె అందుకుని ట్యాంకు మీద పెట్టుకోబోయి ఆగాడు.

"ఏందే చెల్లె, గింత బరువుంది? బంగారమా?"

"దుమ్ము కొలిచే మిషినన్నా. జర పైలం."

"దుమ్ము కొల్వనీకి మిషిను గూడ ఉంటదా? మా కేసముద్రం యార్డుకు తీస్కరా ఒకపారి. మక్కలు దిగే దినం పెడితే పగిలిపోతది."

దీప నవ్వుతూ వెనక కూర్చుంది. అది 2011 ఎండాకాలం. ఊరూరా దీక్షా శిబిరాలు నడుస్తున్న రోజులు. ఐలేశ్ మండల జేఏసీకి కన్వీనర్. అంతకు రెండేళ్ల కింద, కాకతీయ యూనివర్సిటీలో దీప ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు, అతను అక్కడే సీనియరు. డిసెంబర్లో యూనివర్సిటీ గేటు ముందు లాఠీలు లేచిన రోజున దీప కిందపడిపోతే మీద వంగి అడ్డం నిలబడ్డాడు. ఆమె తల మీద పడవలసిన దెబ్బ అతని భుజం మీద పడి ఎముక విరిగింది. తోడబుట్టినవాళ్లు లేని దీప ఆ రోజు నుంచి అతన్ని అన్నా అని పిలిచేది మర్యాదకు కాదు.

ఇప్పుడు ఆమె హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తోంది. ఎక్కడైనా ఫ్యాక్టరీయో, గనో, పెద్ద కట్టడమో రావాలంటే, అది వస్తే అక్కడి నీళ్లకు, గాలికి, పొలాలకు, మనుషులకు ఏమవుతుందో ముందుగా చూసి సర్కారుకు చెప్పాలి. ఆ చూసే పని వాళ్ల కంపెనీది. ఈసారి పులిగుట్ట దగ్గర గ్రానైటు కోసి నున్నగా చేసే పరిశ్రమలన్నీ ఒకచోట పెట్టే పార్కు కట్టాలని ప్రతిపాదన. గుట్టంతా, గుట్ట కింద మెట్ట చెలకలూ దానికి కావాలి.

గుట్ట కింద లంబాడీల తండా ఉంది. ఇంతకు ముందు ఎవరో వచ్చి అడగకుండా హద్దురాళ్లు పాతిపోతే, ఆడవాళ్లు ఆ రాళ్లు పీకి రోడ్డు మీద పడేశారు. అప్పటి నుంచి పెట్టె పట్టుకుని వచ్చిన ఎవరినీ తండాలోకి రానివ్వటం లేదు. అందుకే సర్వేకు పెద్ద అయిన సంజీవ సారు దీపను పిలిచాడు. ఆయనది జనగామ. "నువ్వు గంగారం దిక్కు పిల్లవు. లంబాడీ మాట్లాడ్తవు. నువ్వు పోతేనే అయితది బిడ్డా" అన్నాడు. ఆ తండాలోనే దీప ఫూపీ, అంటే నాయిన చెల్లెలు, రుక్కి కాపురం ఉంటోంది.

సేవాలాల్ గుడి అరుగు మీద తండా వాళ్లు కూడారు. తండా పెద్ద సోమ్లా పెట్టె వైపు అనుమానంగా చూశాడు.

"మునుపొచ్చినోళ్లు గూడ ఉత్తగ కొలుస్తమనే అన్నరు. పొద్దుగూకేసరికి రాళ్లు పాతిండ్రు."

ఐలేశ్ అరుగెక్కాడు. అతను మాట్లాడితే పక్కన పిల్లల ఏడుపులు కూడా ఆగేవి.

"వాళ్లు వేరే నాయినా. గీమె ఎవరు? మన రుక్కక్క మేనకోడలు. మీ భాష మాట్లాడే బిడ్డ. ఇన్నొద్దులు మన నీళ్లు, మన రాళ్లు, మన భూముల గురించి పరాయోళ్లు రాసిండ్రు. గిప్పుడు రాసే చెయ్యి మనది. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. గీమె ఉన్నది ఉన్నట్టు రాస్తది. దానికి నేను జామీను."

సోమ్లా దీపను దగ్గరికి పిలిచి, నీది ఏ గోత్రం, మీ తాత పేరేంది అని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత తలాడించాడు. రుక్కి అప్పటికే పెట్టె తన ఇంట్లోకి మోయించింది.

దీప రుక్కి ఇంట్లోనే ఉండి పని చేసింది. బడి కప్పు మీద దుమ్ము మిషిను పెట్టింది. బావుల్లోంచి సీసాలలో నీళ్లు పట్టింది. పొద్దున్నే గుట్ట చుట్టూ తిరిగి చెట్టూ పిట్టా రాసుకునేది. గుట్ట కింద రెండు బండల నడుమ నుంచి ఒక ఊట వస్తుంది. అది చిన్న పాయగా దిగి తండా పక్క నుంచి కుంటలోకి పోతుంది. దాన్ని పాలొర్రె అంటారు. రోళ్లు పగిలే ఎండల్లో కూడా ఆ బండల కింద ఇసుక తడిగా ఉంది. దోసిలి పెడితే మెల్లగా నిండింది. కుంట కింద బావులన్నీ ఆ ఊట మీదే బతుకుతున్నాయి. మిర్చి, పసుపు, కాస్త వరి, దిగువ ఊళ్లో బక్కయ్య లాంటి రైతుల తోటలూ అంతే. గుట్టను పేలిస్తే ఊట దారి తప్పుతుంది. రాయి కోసిన బురద కుంటలోకి దిగితే అడుగు సిమెంటు చేసినట్టు గడ్డకడుతుంది. ఈ రెండూ ఆమెకు అర్థమయ్యాయి.

అట్లని ఆమె పార్కే వద్దనుకోలేదు. గుట్టకు అవతల, రోడ్డు దిక్కున, గడ్డి కూడా సరిగ్గా మొలవని రాతి బోడు ఉంది. దాని కింద ఒర్రె లేదు, బావి లేదు. షెడ్లు అక్కడ వేసి, గుట్టను ముట్టుకోకుండా రాయి బయటి నుంచి తెచ్చుకుంటే, తండా పిల్లలకు పనీ దొరుకుతుంది, నీళ్లూ నిలుస్తాయి. ఆ మాట తోచిన రోజు ఆమెకు అన్నం కూడా గుర్తు రాలేదు. చదివిన చదువు ఒకచోట పనికొచ్చిందని అనిపించింది.

ఇళ్లలోకి వెళ్లి మాట్లాడేటప్పుడు మనుషులు నీళ్ల గురించే కాదు, అన్నీ చెప్పేవారు. ఆమె వాళ్లింట్లో రొట్టె తింటోంది, వాళ్ల భాషే మాట్లాడుతోంది. తాను తండ్రి కాలం నుంచి దున్నుతున్న చెలకకు పట్టా లేదని, ఆఫీసరు ఒక్కమాట గట్టిగా అంటే గుండె జారిపోతుందని సోమ్లా చెప్పాడు. బొంబాయికి పనికి పోయిన భర్త అక్కడ ఇంకొకామెను ఉంచుకున్నాడని కమ్లీ చెప్పింది. "ఈడనే పని దొరికితే వస్తడేమో" అంటూ ఏడ్చింది. ఆ మాట తండాలో ఎవరికీ తెలియదు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకు ఇంట్లో గిన్నెలు విసిరికొడుతున్నాడని బక్కయ్య చెప్పుకున్నాడు.

ఐలేశ్ వారం వారం వచ్చేవాడు. బండలపై కూర్చుని ఇద్దరూ మాట్లాడుకునేవారు.

"చెల్లె, రేపు పబ్లిక్ హియరింగ్ పెడతరు. ప్రజల అభిప్రాయం అడుగుతరు. గప్పుడు ఎవరు గట్టిగ నిలబడతరు, ఎవరు జారుతరు?"

"ఎందుకన్నా?"

"జారేటోళ్లకు ముందుగాల్నే మనం ధైర్యం చెప్పాలె గద."

దీప చెప్పింది. సోమ్లా భయం, బక్కయ్య కొడుకు సంగతి, చివరికి కమ్లీ మాట కూడా. చెబుతున్నప్పుడు ఆమెకు తప్పు చేస్తున్నాననిపించలేదు. దెబ్బకు అడ్డం నిలబడ్డ మనిషికి చెబుతోంది.

రిపోర్టు రాశాక జనగామలో సంజీవ సారు ఇంటికి తీసుకెళ్లింది. ఆయన భార్య సౌందర్య చాయ్ పెట్టి ఇచ్చేలోగా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని బోడు గురించి రాసిన భాగం రెండుసార్లు చదివాడు.

"మంచిగ పట్టినవ్ బిడ్డా. ఇద్దరికీ నష్టం లేని తొవ్వ."

"మార్చరు గద సార్?"

"నువ్వు రాసింది రాసినట్టే పోతది. మనం జీతగాళ్లమే గని అబద్ధాలోళ్లం కాదు."

సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. దీప సెలవు పెట్టి జనగామలో రోడ్డు మీద వంటావార్పులో కూరలు తరిగింది. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల సభ ఉందంటే దొరికిన లారీ ఎక్కి పోయింది. అక్కడ ఐలేశ్ మాట్లాడాడు.

"బొగ్గు మనది, బూడిద మనకు. రాయి మనది, దుమ్ము మనకు. నీళ్లు మనయి, కరువు మనకు. గీ లెక్క మారాలె!"

కార్మికులు టోపీలు ఊపారు. దీప గొంతు బొంగురుపోయేదాకా జై కొట్టింది. సభ అయ్యాక అతన్ని పట్టుకుని అడిగింది.

"అన్నా, పులిగుట్ట హియరింగ్ ఎప్పుడో తెలిసిందా?"

"సమ్మె నడుస్తుంటే సభ ఎట్ల పెడతరే? ఆఫీసర్లే లేరాయె. పెట్టినా నాకు తెల్వకుంట పెడతరా? నేనున్న గద."

ఆ వారమే హియరింగ్ నోటీసు పేపర్లో పడింది. బస్సుల్లేక తండాకు పేపరు రావటం లేదు. హైదరాబాదు పేపరులో వచ్చిందేమో, దీప రోడ్ల మీద ఉంది. ఐలేశ్‌కు తెలుసు. చెప్పలేదు.

సమ్మె ముగిసి నవంబరు వచ్చింది. ఒక పొద్దున రుక్కి ఫోన్ చేసింది.

"గుట్ట కాడ టెంటు వేస్తుండ్రు. రేపే సభనట. నీకు ఎరికేనా?"

లేదని చెప్పి దీప ఫోన్ పెట్టేసింది. ఆమె ఐలేశ్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. సాయంత్రం సంజీవ సారే చేశాడు. రేపు పొద్దున్నే కారులో పోదాం, మంచి చీర కట్టుకో అన్నాడు.

గుట్ట ముందు చదును చేసి షామియానా వేశారు. పోలీసులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. కేసముద్రం దిక్కు నుంచి ట్రాక్టర్లలో జనం దిగుతున్నారు. అందరి మెడల్లో కండువాలు, అందరి నోట జై తెలంగాణ. వాళ్లలో ఒక్కరూ తండా వాళ్లు కాదు. తండా వాళ్లు వెనక వరుసల్లో నేల మీద కూర్చున్నారు. దీపను కంపెనీ వాళ్లతో పాటు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. రుక్కి అంత దూరం నుంచి ఆమెను చూసి చిన్నగా నవ్వింది. మన బిడ్డ అక్కడుంది అనే ధైర్యం ఆ నవ్వులో ఉంది.

జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు సభ మొదలుపెట్టాడు. సంజీవ సారు లేచి అధ్యయనం సారాంశం తెలుగులో చదివాడు. గుట్ట ప్రాంతంలో ఏడాది పొడుగునా నీరుండే వనరులు ఏవీ లేవన్నాడు. తండా పక్కన ఉన్నది వానాకాలపు కాలువ మాత్రమే అన్నాడు. వేరే స్థలాలు పరిశీలించామని, ఇంతకన్నా అనువైనది దొరకలేదని అన్నాడు.

దీపకు ముందు తప్పు విన్నాననిపించింది. ఆయన వచ్చి కూర్చోగానే చెవి దగ్గర వంగింది.

"సార్, బోడు సంగతేది? ఊట ఏది?"

"హైదరాబాదుల ఫైనల్ చేసిండ్రు బిడ్డా. నా చేతుల లేదు. కూసో."

"మీరు మాటిచ్చిండ్రు."

ఆయన ఆమె వైపు చూడలేదు. చేతి రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడు ఐలేశ్ మైకు తీసుకున్నాడు. దీపకు కొంచెం ఊపిరాడింది. అన్న ఉన్నాడు, ఇప్పుడు చీల్చి చెండాడతాడు అనుకుంది.

"రేపు తెలంగాణ వస్తది. వచ్చినంక మన పోరగాండ్లు ఏడ పని చేస్తరు? బొంబాయి పోవాల్నా? గీ పార్కు పెట్టేటోళ్లు ఆంధ్రోళ్లు గాదు. మనోళ్లు. మన రాయి మనోళ్లే కోస్తున్నరు. గిదే తెలంగాణ అంటే!"

ట్రాక్టర్ల జనం చప్పట్లు కొట్టారు. అతను చెయ్యెత్తి ఆపాడు.

"నీళ్లు పోతయని కొందరు భయపెడుతుండ్రు. గీ సర్వే చేసిందెవరు? మన తండా మేనకోడలు దీప! మీ ఇండ్లల్ల తిన్నది. మీ బాయిల నీళ్లు తాగింది. ఏం పరవాలేదని రాసింది ఆమెనే. సొంత బిడ్డ అబద్ధం రాస్తదా?"

వెనక వరుసల్లోని మొహాలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. రుక్కి మొహంలో నవ్వు లేదు. ఏదో తినేటప్పుడు రాయి తగిలినట్టు ఉంది ఆ మొహం.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచారు. సోమ్లా లేచి, తల ఎత్తకుండా, "నాకు సమ్మతమే. చెలకకు పట్టా ఇప్పిస్తమన్నరు" అన్నాడు. బక్కయ్య లేచి తన కొడుకును పనిలోకి తీసుకుంటామన్నారని చెప్పాడు. కమ్లీ మైకు దాకా వచ్చి, దీపను ఒక్క క్షణం చూసి, "మా ఇంటాయన ఈడికొచ్చి పని చేసుకుంటడు. రానీయిండ్రి పార్కు" అంది. ఆ చూపు దీప ఎన్నటికీ మరచిపోలేదు. నా సంగతి వీళ్లకు ఎట్ల తెలిసింది అని అడిగిన చూపు అది.

ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో తాను చూపించింది. ఐలేశ్ సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

దీప లేచింది. సంజీవ సారు కొంగు పట్టుకుని లాగినట్టు "నౌకరి పోతది" అని గొణిగాడు. ఆమె మైకు దగ్గరికి నడిచింది. కంపెనీ మనిషి మాట్లాడకూడదని ఎవరో అడ్డం వచ్చారు. పెద్దాఫీసరు ఒక్క నిమిషం ఆలోచించి, ఇక్కడ ఎవరైనా మాట్లాడొచ్చు, మాట్లాడమ్మా అన్నాడు.

ఆమె మొదట లంబాడీలో మాట్లాడింది, తర్వాత తెలుగులో.

"సర్వే చేసింది నేను. ఇప్పుడు సదివింది నేను రాసింది గాదు. పాలొర్రె వానకాలపు కాలువ గాదు. వైశాఖం ఎండల నేను దోసిలి పట్టి తాగిన. గుట్ట పేలిస్తే ఆ ఊట పోతది. షెడ్లు రోడ్డు దిక్కు బోడు మీద వేసుకోవచ్చని రాసిన. దాన్ని తీసేసిండ్రు. పట్టా ఇస్తమన్నోళ్లను, కొలువిస్తమన్నోళ్లను గిప్పుడే ఈ సారు ముందట నిలబడి చెప్పమనుండ్రి…"

"తెలంగాణ ద్రోహి!" అని ముందు వరుసల నుంచి ఒక గొంతు లేచింది. దాని వెంట ఇంకొకటి. తర్వాత షామియానా అంతా అదే మాట. డౌన్ డౌన్ అంటున్నారు. రెండు నెలల కింద వాళ్లలో కొందరి పక్కనే కూర్చుని ఆమె ఉల్లిగడ్డలు తరిగింది. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి గాని, మాట ఆమెకే వినబడలేదు. ఐలేశ్ ఆ అరుపులను ఆపలేదు. ఫోన్ చూసుకుంటున్నాడు.

గోల తగ్గాక వెనక నుంచి రుక్కి లేచింది. మైకు దాకా రాలేదు. నిలబడ్డచోటనే గట్టిగా, "నాకు ఇష్టం లేదు. రాసుకోండ్రి. రుక్కికి ఇష్టం లేదు" అని చెప్పి కూర్చుంది. పెద్దాఫీసరు రాసుకున్నాడు.

సభ అయిపోయాక ట్రాక్టర్ల దగ్గర దీప ఐలేశ్‌ను పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లను అతనే పక్కకు పంపాడు.

"ఎందుకన్నా?"

"ఆవేశపడకు. నీకు నష్టం గావద్దనే నీ పేరు మంచిగ చెప్పిన. నువ్వే ఖరాబు చేస్కున్నవు."

"నేను నీతోని చెప్పుకున్న ముచ్చట్లు అవి. కమ్లీ సంగతి వాళ్లకెందుకు చెప్పినవ్?"

అతను భుజం పట్టుకుని గుట్ట వైపు తిరిగాడు. తర్వాత ఎన్నడూ లేనంత మెల్లగా మాట్లాడాడు.

"నా మీద కేసులెన్నో నీకు ఎరికే. భుజం ఇప్పటికీ పైకి లేవది. రేపు రాష్ట్రం వస్తది. పెద్ద లీడర్లు కార్లెక్కి పోతరు. నాలాంటోడు జెండలు కట్టుకుంటనే ఉండాల్నా? రాయి మోసే లారీలు నావి నడుస్తయన్నరు. నేను బతకద్దా చెల్లె?"

"బోడు మీద పెట్టినా నీ లారీలు నడుస్తుండెగా!"

"గుట్ట ఆడనే ఉంటే రాయి ఫ్రీ. బయట కొంటే వాళ్లకేం మిగుల్తది? నీకు లోకం తెల్వది. అయినా మనోళ్లే గదనే…"

"మనోళ్లు పేలిస్తే ఊట ఎండదా?"

అతను కండువా సర్దుకున్నాడు. డ్రైవరు పిలిస్తే పోయి ట్రాక్టరు ఎక్కాడు. దీప అక్కడే నిలబడింది. యూనివర్సిటీ గేటు ముందు తన మీద వంగిన మనిషి అబద్ధం కాదు. ఈ మనిషీ అబద్ధం కాదు. ఇద్దరూ ఒక్కరే కావటం ఆమెకు మింగుడుపడలేదు. అప్పుడతను మోసగాడై ఉంటే ఎంత సులువుగా ఉండేది అనిపించింది.

రుక్కి ఇంటి ముందు ఆమె బట్టల సంచీ అరుగు మీద పెట్టి ఉంది.

"ఫూపీ, నేను గట్ల రాయలేదు. నువ్వు విన్నవు గద."

"విన్న. గదాంట్ల నీ తప్పు లేదు" అంది రుక్కి గడపలో నిలబడి. "మరి కమ్లీ కడుపుల దాచుకున్న మాట ఆ ఐలేశ్‌గాని దాకా ఎట్ల పోయింది?"

దీప తల దించుకుంది.

"గోడకు చెప్పుకున్నా మంచిగుంటుండె" అని రుక్కి లోపలికి పోయింది. తలుపు వేయలేదు గాని, రమ్మనలేదు. దీప సంచీ ఎత్తుకుని రోడ్డు దాకా నడిచింది.

మరుసటి రోజే నౌకరి పోయింది. హైదరాబాదు గది ఖాళీ చేసి మహబూబాబాద్ వచ్చి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే పనికి కుదిరింది. ఉద్యమ సభలకు పోవటం మానలేదు. అయితే వెనక నిలబడేది. కొందరు పలకరించేవారు కాదు. ద్రోహి అన్న మాట సన్నగా అయినా ఆమె వెంట నడిచేది. రాష్ట్రం మీద ఆశ మాత్రం ఆమెకు కొంచెం కూడా తగ్గలేదు. అదే ఎక్కువ బాధ. ఆ ఆశ తనది. దాన్ని ఐలేశ్ బూరలా నోట్లో పెట్టుకుని ఊదాడు.

కొన్ని నెలలకు పార్కుకు అనుమతి వచ్చింది. ఆ సంగతి పేపర్లో పడిన వారంలో కాలేజీ గేటు ముందు రుక్కి నిలబడి ఉంది. చంకలో గుడ్డ సంచీ.

"చెన్నైల నీళ్ల కోసం, గుట్టల కోసం కోర్టుందట గద. పోదాం పా."

"ఫూపీ…"

"నా కోపం పోలే. గని నాకు ఇంగ్లీషు రాదు. పా."

మహబూబాబాద్ స్టేషన్లో ఇద్దరూ మద్రాసు బండెక్కారు. బండి కదిలేముందు కమ్లీ పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. దీపతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, కానీ రుక్కి పక్కన కూర్చుంది. ఆ ప్రయాణంలో దీప కిటికీ దగ్గర కూర్చుని కమ్లీకి తప్పయిందని చెప్పింది. కమ్లీ కొంగు వేలికి చుట్టుకుంటూ, "వాడు బొంబాయి నుంచి రాడట. పార్కొచ్చినా రాడట. ఫోన్ చేసి అడిగిన" అంది. అంతే.

కేసు నడిచింది. ఎన్నో వాయిదాలు. అది నడుస్తుండగానే గుట్ట మీద మొదటి పేలుడు వినబడింది. తండా ఇళ్ల పెంకులు జారాయి. రెండో ఎండాకాలానికి బండల కింద ఇసుక పొడిగా ఉంది. రుక్కి మోచేయి దాకా తవ్వినా తడి తగల్లేదు. కుంటలో నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లగా అయ్యాయి. రాయి నునుపు చేసే పనికి ఎక్కడో రాజస్థాన్ నుంచి మనుషులను తెచ్చారు. బక్కయ్య కొడుకును గేటు దగ్గర కాపలా పెట్టి, ఆరు నెలలకు తీసేశారు. సోమ్లాకు పట్టా రాలేదు. అతని చెలక మీద ఇప్పుడు రాళ్ల కుప్ప ఉంది.

ఆఖరికి తీర్పు వచ్చింది. బురద కుంటలోకి వదలొద్దని, గుట్టకు మిగిలిన సగాన్ని ముట్టుకోవద్దని, తండాకు తాగునీళ్లు పార్కు కంపెనీయే ఇవ్వాలని. దీప చదివి చెప్పగానే రుక్కి, "ఊట తిరిగి వస్తదని గూడ రాసిండ్రా?" అని అడిగింది. లేదని చెప్పాల్సి వచ్చింది. అయినా ఆ సాయంత్రం రుక్కి ఇంటింటికీ పోయి సగం గుట్ట మనకు దక్కింది అని చెప్పింది. దీపను ఇంట్లోకి పిలిచి రొట్టె పెట్టింది.

2014 జూన్ రెండున మహబూబాబాద్ వీధుల్లో కాలు పెట్టే సందు లేదు. డప్పులు, పటాకులు, గులాలు. దీప, రుక్కి జనం మధ్యలో నిలబడ్డారు. జెండా ఎగిరినప్పుడు దీప వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్నేళ్ల కోరిక. ఎందరు పిల్లలు చచ్చిపోయారు దీని కోసం.

వేదిక మీది నుంచి ఐలేశ్ ఆమెను చూశాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ఒళ్లు చేసిన మనిషి. జనాన్ని తప్పించుకుంటూ దిగి వచ్చాడు. అతని కళ్లల్లో కూడా నీళ్లు కారుతున్నాయి. అవి దొంగ నీళ్లు కావని ఆమెకు తెలుసు.

"వచ్చింది చెల్లె! మన తెలంగాణ వచ్చింది! ఇంక నా మీద కోపమేనా?"

దీప మొహం తుడుచుకుంది.

"రాష్ట్రం వచ్చినందుకు ఏడుస్తున్న. నీతోని నాకు మాట లేదు."

అతను గులాలు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఎవరో దండతో వచ్చి అతన్ని మళ్లీ వేదిక వైపు లాక్కుపోయారు.

రుక్కి దీప చెయ్యి పట్టుకుంది. "ఇగ పోదాం పా. మాపటికి ట్యాంకరొస్తది. బిందెలు వరుసల పెట్టకుంటే మనదాకా రావు."

ఇద్దరూ జనం నుంచి బయటపడి నెల్లికుదురు బస్సు ఎక్కారు. కిటికీలోంచి పిల్లలు చల్లిన గులాలు రుక్కి తెల్లజుట్టు మీద పడింది. ఆమె దులుపుకోలేదు.

"ఇది మన రాజ్యమేనా బిడ్డా ఇగ?"

"మనదే ఫూపీ" అంది దీప. ట్యాంకరు వేళ దాటుతుందేమోనని కిటికీలోంచి పొద్దు వైపు చూసింది.